పెరటి నుయ్యి – పరుల సొత్తు

ఆర్షధర్మం గృహస్థునకు విధించిన సత్కర్మలను పెద్దలు ఇష్టమనియు, పూర్తమనియు రెండుగా విభజించారు. అగ్నిముఖంగా దేవతలకు సమర్పించే యజ్ఞయాగాదులు ఇష్టం. నూతులు, దిగుడుబావులు, చెరువులు త్రవ్వించడం, తోటలు నాటించడం, దేవాలయాలు నిర్మించడం, అన్నదానం చేయడం పూర్తం. దేవాలయం నిలిచిన వరుసలోనే నూతిని కూడా నిలిపిన ఈ విభాగాన్ని గమనిస్తే, మన పూర్వులు జలాన్ని కేవలం అవసరవస్తువుగా చూడలేదని తేటతెల్లమవుతుంది. స్నానానికి కూర్చున్న సామాన్యుడు సైతం చెంబులోని నీటిలోనికి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి నదులను ఆవాహన చేసుకొంటాడు. ఆ చెంబులోని నీరు ఎక్కడిది? ఎన్నో ఇండ్లలో తరతరాలుగా అది పెరటి నూతిలోనిదే. పురిటిశుద్ధి అయిన బాలింత చేత నూతికి పసుపు కుంకుమలు పెట్టించి, చేద వేయించి నీరు తోడించడం తెలుగువారి ఆచారం. బిడ్డను ఇచ్చిన దైవానికి మ్రొక్కినట్లే, ఆ బిడ్డను బ్రతికించే నీటికీ ఆ తల్లి మ్రొక్కుతుంది.

ఇంటింటికీ కుళాయి వచ్చిన పిదప ఈ నూతికి ఆదరణ తగ్గింది. గిలక తుప్పు పట్టింది, చేంతాడు తెగింది. కొన్ని ఇండ్లలో నూతిని చెత్తకుండీగా మార్చివేశారు. మరికొన్ని ఇండ్లలో మరుగుదొడ్డి నీటిని అందులోనికే వదులుతున్నారు. ఇదేమని అడిగితే, "నా ఇంటి నుయ్యి, నా ఇష్టం" అన్న సమాధానం వస్తుంది. ఈ మాటలోని సత్యాసత్యాలను భాగవతంలోని నృగోపాఖ్యానం వెలుగులో పరిశీలించవలసి ఉన్నది.

యాదవకుమారులు ఒకనాడు వనంలో ఆడుకొని దప్పిగొని నీటికై వెదుకుతూ ఒక పాడుబావిని సమీపించారు. అందులో నీరు లేదు. కొండంత ఊసరవెల్లి ఒకటి పడి ఉన్నది. త్రాళ్లు వేసి లాగినా అది కదలలేదు. శ్రీకృష్ణుడు వచ్చి ఎడమచేతితో అవలీలగా పైకి తీయగా అది దివ్యరూపం ధరించింది. ఆ జీవుడు నృగమహారాజు. లెక్కకు మిక్కిలిగా గోదానాలు చేసిన పుణ్యాత్ముడు. ఒక విప్రునికి ఇచ్చిన ఆవు దారితప్పి తిరిగివచ్చి రాజు మందలో కలిసింది. రాజు అది ఎరుగక దానిని మరొక విప్రునికి దానం చేశాడు. ఇద్దరూ ఆవు నాదంటే నాదన్నారు. బదులుగా లక్ష గోవులిస్తానని రాజు వేడుకొన్నా ఎవరూ అంగీకరించలేదు. దేహాంతమున యమధర్మరాజు పాపపుణ్యాలలో ముందు దేనిని అనుభవిస్తావని అడుగగా, రాజు పాపాన్నే కోరుకొని ఆ బావిలో పడ్డాడు.

నృగుడు దొంగ కాడు. పరుల సొత్తు తన సొత్తులో కలిసి ఉండగా దానిని గుర్తించకపోవడమే అతని దోషం. పెరటి నూతిలోని నీరు కూడా అటువంటి గోవే. వర్షం ఎక్కడనో కురుస్తుంది. పొరుగువాని పొలంలోనో, ఊరి చెరువులోనో ఇంకి, మట్టిపొరల గుండా, రాతిపగుళ్ల గుండా మెల్లగా ప్రవహించి, త్రవ్విన చోట ఊటగా కనిపిస్తుంది. అక్కడ ఆగదు, ముందుకు సాగిపోతుంది. కాబట్టి స్థలం గృహస్థునిది, గట్టు అతనిది, గిలక అతనిది; నీరు మాత్రం దారిన పోతూ అతని ఇంట నిలిచిన అతిథి. ఆ నీటిలో కలిపిన మాలిన్యం పొరుగింటి పసిబిడ్డ పాలగిన్నెను చేరుతుంది. తెలియక చేసిన దోషానికే నృగునికి అంతటి శిక్ష కలిగితే, తెలిసి చేసేవారి సంగతి వేరుగా చెప్పవలెనా?

పూజానిర్మాల్యాన్ని నూతిలో వేయడం దోషం కాదని కొందరు భావిస్తారు. తిరుమల ఆలయంలో స్వామివారి నిర్మాల్యానికి సంప్రదాయం ప్రత్యేకించిన నుయ్యి పూలబావి. వంటశాల అవసరాలకు ఏర్పడినది బంగారుబావి. పూలబావి పనిని బంగారుబావికి అప్పగించలేదు. స్వామి సన్నిధిలోనే పాటించిన ఈ విచక్షణ గృహస్థునకు మార్గదర్శకం. త్రాగే నీటిలో కుళ్లిన పూలు భక్తికి చిహ్నాలు కాజాలవు.

నూతిని కాపాడే విధానం పెద్దలు ఎరిగినదే, నేటి శాస్త్రం బలపరచినదే. మరుగుదొడ్డి గుంతకూ నూతికీ మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండడం మేలు. గట్టు మోకాలిని మించి, 70 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా ఉండవలెను. చుట్టూ మీటరు మేర చప్టా వేసి, ఒలికిన నీరు వెలుపలికి పోయేటట్లు వాలు ఉంచవలెను. పైన మూత ఉండవలెను. నీరు అడుగంటిన వేసవిలో, తొలకరికి ముందుగా పూడిక తీయించవలెను. ఇల్లు తగలబడుతుంటే బావి త్రవ్వినట్లు, ఇంట్లో జ్వరాలు వచ్చిన పిదప శుద్ధికి పూనుకొంటే ప్రయోజనమేమి?

బ్లీచింగ్ పౌడరు వాడవలెనని అందరికీ తెలుసు. వాడే క్రమం కొందరికే తెలుసు. 2 మీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల నీటిలోతు గల నూతిలో సుమారు 9,400 లీటర్ల నీరుంటుంది. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున దానికి సుమారు 24 గ్రాముల మంచి పొడి చాలును. దానిని నేరుగా చల్లరాదు. కొద్దినీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు చేర్చి, సున్నం అడుగుకు దిగిన తరువాత, పైన తేరిన నీటిని బొక్కెనతో దింపి కలియబెట్టవలెను. గంట గడచిన పిదపనే నీరు వాడవలెను. అయితే ఈ శుద్ధి క్రిములను చంపుతుందే కాని ఫ్లోరైడును తొలగించదు. నీటిని కాచినా అది పోదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ విషం ఎముకలను వంచుతున్నట్లు వైద్యులు గుర్తించారు. తేటగా, తియ్యగా ఉన్నంత మాత్రాన నీరు నిర్దోషమని నమ్మక, పరీక్ష చేయించడం వివేకం.

అన్నిటికంటె ముఖ్యమైనది నూతిలోనికి దిగే మనిషి ప్రాణం. చాలకాలం వాడని నూతి అడుగున ప్రాణవాయువు కొరవడుతుంది, చెడుగాలి నిలుస్తుంది. పూర్వులు ముందుగా దీపం దింపి చూసేవారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరాదు. వెలుగుతున్నంత మాత్రాన క్షేమమనీ అనుకోరాదు, ఏలనంటే కొన్ని విషవాయువులకు దీపం ఆరదు. నూతిలో ఇంజను నడిపితే వెలువడే పొగ అటువంటిదే. గాలి బాగా ఆడించి, దిగువాని నడుముకు మోకు కట్టి, పైన బలమైన మనుషులను నిలుపవలెను. లోపల ఒకడు సొమ్మసిల్లితే కాపాడబోయి మరొకడు దూకరాదు. ఒకరి వెంట ఒకరుగా ఎందరో ప్రాణాలు కోల్పోయినది ఈ విధంగానే. దిగినవాడు కూలికి వచ్చినవాడే కావచ్చు. ఆ మోకు కొసన ఉన్నది నారాయణుడు నివసించే దేహమని గృహస్థు మరువరాదు. అట్లే, నీరు పడని బోరుగుంతను అడుగునుండి నేలమట్టం వరకు మట్టితో, రాళ్లతో పూడ్చివేయవలెనని 2010లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. తెరచి విడిచిన గుంత పసివారికి మృత్యుముఖం.

నీరు పరుల సొత్తని గ్రహించినవాడు దప్పిగొన్నవానిని కులం అడుగడు. ప్రజాధనంతో నడిచే నూతుల వద్ద ఇట్టి భేదం చూపరాదని 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగం శాసించింది. ఇంటి నూతి వద్ద ఆ శాసనాన్ని అమలుపరచవలసినది గృహస్థుని అంతరాత్మయే.

తిరుమల స్థలపురాణంలో రంగదాసు అనే భక్తుడు స్వామి పూలతోటకై నుయ్యి త్రవ్వాడు. అతడే మరుజన్మలో తొండమాన్ చక్రవర్తియై, శ్రీనివాసుని ఆజ్ఞతో ఆ నూతినే బాగుచేశాడని ప్రతీతి. త్రవ్వడానికి ఒక జన్మ, బాగుచేయడానికి మరొక జన్మ! చక్రవర్తి పదవి లభించినా పాత నూతి సేవ తప్పలేదు. త్రవ్వినవానికి పుణ్యమెంతయో, పూడిక తీసినవానికీ అంతే అనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

తాతలు త్రవ్వించిన నుయ్యి ఏ పెరటిలో ఉన్నదో, ఆ ఇంటివారు ఈ వేసవిలో దాని మూత తీసి చూతురు గాక! ఇంటికప్పుపై కురిసిన వాననీటిని ఇసుక, కంకర పొరలలో వడగట్టి నేలలోనికి ఇంకింతురు గాక! తోడినకొద్దీ ఊరడం నూతికి సహజం. పంచినకొద్దీ పెరగడం శ్రీనివాసుని కరుణకు సహజం.