గడప దగ్గర అడిగే దేవతలు

ప్రాచీన ఈజిప్షియన్లు మృతలోకాన్ని దువాత్ అన్నారు. దానికి రాజు ఒసైరిస్. చనిపోయినవాడు ఆయన ముందుకు చేరేలోగా దారంతా ఎదురయ్యేవాళ్లు మాత్రం చిన్న దేవతలు. క్రీ.పూ. 15వ శతాబ్దపు రాజు మూడో థుత్మోస్ సమాధిలో ఒక గది గోడల మీద 700కు పైగా దేవతల జాబితా ఉంది. వారిలో చాలామందికి కథ లేదు. పేరు, రూపం, చేయవలసిన పని, అంతే.

మృతుడికి దారి చూపే మంత్రాల సంకలనమైన మృతుల గ్రంథంలో 144వ అధ్యాయం దువాత్‌లోని ఏడు ద్వారాల గురించి చెబుతుంది. ఒక్కో ద్వారానికి ముగ్గురు: తలుపు చూసేవాడు, కాపలాదారు, వచ్చినవాడి సంగతి లోపలికి చెప్పేవాడు. చిత్రాల్లో వీరు జంతు ముఖాలతో, చేతిలో కత్తులతో భయం పుట్టిస్తారు. కానీ పేరు తెలిసి పిలిచినవాడికి దారి ఇస్తారు. అందుకే స్తోమత ఉన్నవాళ్లు ఆ పేర్లన్నీ పపైరస్ మీద రాయించి సమాధిలో పెట్టించుకున్నారు. ముందే రాసి ఉంచిన చుట్టల్లో కొన్నవాడి పేరు కోసం ఖాళీ వదిలేవారు. డబ్బుతో దొరికే జ్ఞానం పరలోకంలో దారి చూపడం ఈ నమ్మకంలోని తీరని చిక్కు.

అదే గ్రంథం 125వ అధ్యాయంలోని తీర్పు సభ ఈ చిక్కును కొంతైనా సరిదిద్దుతుంది. అక్కడ కూర్చున్న 42 మంది న్యాయదేవతల పేర్లూ ఊళ్లూ తెలిస్తే చాలదు, వారికి తన బతుకు గురించీ చెప్పాలి. హీలియోపోలిస్ నుంచి వచ్చిన ‘పెద్ద అడుగులవాడు’, హెరాక్లియోపోలిస్ నుంచి వచ్చిన ‘ఎముకలు విరిచేవాడు’, నీడలను మింగేవాడు, పేగులు తినేవాడు... ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కో తప్పు చేయలేదని విడివిడిగా చెప్పుకోవాలి. దొంగతనం, హత్య, అబద్ధం మాత్రమే కాదు, పొంచి వినడం కూడా ఆ వరుసలో ఉంది. ఒక పెద్ద దేవుడి ముందు మంచివాడినని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. మనిషి నడవడి చిన్న చిన్న పనులుగా విడిపోయి, ప్రతి పనికీ వినేవాడొకడు ఉంటాడు. ఈజిప్టు మతంలోని నైతిక గాంభీర్యం పెద్ద గుళ్లలో కన్నా ఈ చిన్న దేవతల సభలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఆ సభలోనే మృతుడి గుండెను సత్యపు ఈకతో తూచే తక్కెడ పక్కన అమ్మిత్ అనే వింత జీవి కాచుకుని ఉంటుంది. మొసలి తల, సింహపు ముందు భాగం, నీటి ఏనుగు వెనుక భాగం. గుండె తూకానికి నిలవకపోతే దాన్ని మింగేస్తుంది. ఇక ఆ మనిషికి పరలోక జీవితం లేదు.

42 మందికీ చెప్పుకున్నాక కూడా పరీక్ష ఆగదు. సభ తలుపు ద్వారబంధాలు, గడియ, గడప తమ పేర్లు చెప్పమంటాయి. తనను తొక్కబోయే పాదాల పేర్లేమిటని నేల అడుగుతుంది. వస్తువులు కూడా దేవతల్లా మాట్లాడే ఈ చోట చిన్నదీ పెద్దదీ అనే తేడా చెరిగిపోతుంది. అన్నిటికీ జవాబు చెప్పినవాణ్ణి థోత్ దేవుడు ఎందుకు వచ్చావని, ఏ స్థితిలో ఉన్నావని ప్రశ్నించి, అతని రాకను ఒసైరిస్‌కు తెలియజేస్తాడు.