తిథియు నతిథియు

అతిథి యనఁగాఁ దిథి లేనివాఁడని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పిరి. ఏనాఁడు వచ్చునో ముందుగాఁ దెలుపక గడప త్రొక్కువాఁడే యతిథి. ఉత్తరము వ్రాసి, దినము నిర్ణయించుకొని వచ్చు బంధువు నతిథి యనుట మాటవరుసకే. రైళ్లును విమానములును వచ్చిన పిమ్మట నిజమైన యతిథి లోకమున మిగిలియున్నాఁడా యని యోజింపఁగా, ఫిజీదీవుల నడుమఁ దెఱచాపనావపైఁ దిరుగువాఁ డొకఁడు మాకుఁ దోఁచెను. వానిని గుఱించియు, వానిఁ జూడవచ్చు స్నేహితులను గుఱించియుఁ గొంత విచారింతము.

ఫిజీ దక్షిణ పసిఫిక్ సముద్రమున మున్నూటికిఁ బైఁబడిన దీవులు గల దేశము. మే నెల మొదలు అక్టోబరు దాఁక నచట నాగ్నేయపుగాలి నిలుకడగా వీచును. నవంబరు మొదలు ఏప్రిలు దాఁకఁ దుపానుల కాలము. ఆ మంచినెలలలో దూరదేశముల నుండి యాట్లనఁబడు చిన్న తెఱచాపనావలు వచ్చి దీవినుండి దీవికిఁ దిరుగుచుండును. వానిలోఁ బెక్కింటిని నడపువారు కూలికిఁ గుదిరిన నావికులు గారు, ఆలుమగలే. నలువదడుగుల నావలోఁ బడకయు, పొయ్యియు, నీళ్లతొట్టియు, పుస్తకములును నన్నియు నుండును. (ఇల్లమ్మి నావ కొన్నవారును గలరు. అది వివేకమా కాదా యను చర్చ వేఱొకప్పుడు.) ఆ సంసారమును వర్ణించుచు వారు వ్రాసిన జాబులు చదివి యాశపడి, స్నేహితులు రెండువారముల సెలవు పెట్టి విమానమెక్కి వత్తురు. చిక్కంతయు నక్కడ మొదలగును.

వచ్చిన చుట్టమునకుఁ దిథి కలదు. ఫలానా దీవి చూడవలెను. ఫలానా నాఁడు తిరుగు విమానము నందుకొనవలెను. గాలి కీ నిర్ణయములు తెలియవు. అందుచేతనే యీ నావలవారిలో నొక మాట వాడుకలో నున్నది: వచ్చెడి చుట్టము దినమునైనఁ గోరుకొనవచ్చును, రేవునైనఁ గోరుకొనవచ్చును, రెంటిని గోరుకొనరాదు. ఇది హాస్యమునకుఁ జెప్పిన మాట గాదు. ఆ సముద్రమున భయము గాలికన్నఁ బగడపుదిబ్బలవలన నెక్కువ. వానిని గనిపెట్టుటకు ముఖ్యసాధనము కన్నే. సూర్యుఁడు నడినెత్తినిగాని వెనుకనుగాని యున్నప్పుడు లోతునీరు ముదురునీలముగాను, ఇసుకమీఁది నీరు లేఁతపచ్చగాను, పైకి వచ్చిన దిబ్బ గోధుమవన్నెగాను గనఁబడును. నావ ముక్కున నొకరు నిలిచి చేసైగలతోఁ ద్రోవ చూపుదురు. మబ్బు మూసినను, ప్రొద్దు ఎదురుగా నున్నను నీటిపైఁ దళుకు తప్ప మఱేమియుఁ గానరాదు. ఉపగ్రహముల సాయమునఁ దానున్న చోటు చెప్పు యంత్రము నేఁడు ప్రతి నావలోను గలదు గాని, పటములోనే దిబ్బ తప్పుచోట గీయఁబడియున్నప్పుడు యంత్ర మేమి చేయఁగలదు? కావున మబ్బు పట్టిననాఁడు లంగరు తీయక యూరకుండుటయే నావికుని పని.

ఆ యూరకుండుటయే చుట్టమునకు దుర్భరము. అతఁ డేమియు ననఁడు. సెలవులో నింక నాలుగుదినములే మిగిలినవని మాత్రము నవ్వుచుఁ జెప్పును. యజమానుఁడు మొగమాటపడి లంగరు తీయించును. మొగమాటమును మనము సద్గుణములలోఁ జేర్చితిమి. నేలమీఁద దానివలనఁ గలుగు నష్టము ధనముతోఁ దీఱును. నీటిమీఁద నది ప్రాణములతోఁ దీఱవలసి వచ్చును. నావను నడపువాఁ డొప్పుకొన్నాఁడు గనుక దోష మాతనిదే యని శాస్త్రము చెప్పును. అది నిజమే. అయినను వచ్చినవాఁడు నిర్దోషి యని మే మనఁజాలము. తన్నుఁ గాదనుట యెదుటివానికి సులువగునట్లు మెలఁగుటయే వచ్చినవాని మొదటి ధర్మము. కోరికను నవ్వులో దాఁచి చెప్పువాఁడు కాదనుటను గష్టతరము చేయుచున్నాఁడు.

నావలో విడిదింటి పెండ్లివారివలెఁ గూర్చుండువానికిఁ జోటు లేదనుటయు నిందులోనిదే. నీళ్లు కొలిచి వాడవలెను, గిన్నెలు తోమవలెను, రాత్రి ప్రయాణమునఁ దనవంతు జాము మేలుకొనవలెను. దీనిని గూర్చి యెక్కువ చెప్పఁబని లేదు.

అయితే నావవారు తామేమి? వారు దీవివారి కతిథులు. ఇంకను సరిగాఁ జెప్పవలెనన్నఁ దిథి లేని యతిథులు. గాలి యేనాఁడు తెచ్చిన నానాఁడు ఏ పిలుపును లేక యొక పల్లె యెదుట లంగరు వేయుదురు. కాని తిండియుఁ బడకయుఁ దమవద్దనే యున్నవి గనుక, తామతిథులమను మాట మఱచుటయు వారికే సులభము. ఎవరి యన్నమును తినని నాకు నెవరి యనుమతి యేల యను గర్వము నావతోఁబాటు వచ్చును. ఫిజీవారి సెవుసెవు అను నాచార మీ గర్వమునకు మందు. యంగోనా యనునది మిరియపుజాతి మొక్క. దాని యెండువేళ్ల కట్టను గొని, టోపియు నల్లకండ్లద్దములును దీసి, మోఁకాళ్లు కప్పుకొని, నావవారు పల్లెకుఁ బోవుదురు. తురాగ ని కోరో యను గ్రామాధికారి వారిని బెద్దకడకుఁ గొనిపోవును. చాపపైఁ గూర్చుండి కట్టను నేలపై నుంచుదురు. ఆయన దానిని గ్రహించి, పలుకవలసిన పలుకులు పలికి, చేతులు గుల్లగాఁ జేర్చి చప్పట్లు కొట్టినపిదపఁ గాని వారచటఁ దిరుగుటయుఁ జేఁపలు పట్టుటయు మర్యాద గాదు. ఆ దిబ్బలమీఁదఁ జేఁపలు పట్టు హక్కు తరతరములుగా నా యూరివారిది.

బజారులోఁ గొన్న వేళ్లకట్ట సుంకమువంటిదే గదా యని కొందఱనవచ్చును. సుంకము చెల్లించినవాఁడు హక్కుతో లోనికి వచ్చును. కట్ట యుంచినవాఁడు నేలఁ గూర్చుండి యుత్తరమునకై వేచియుండును. మఱియు సుంకము తీసికొన్నవానికిఁ జెల్లించినవానిపై నే పూచియు లేదు. కట్టను గ్రహించిన పల్లె యా పరదేశి క్షేమమునకుఁ దాను పూచీపడును.

స్వయంపోషకుఁడైన యాత్రికుఁ డతిథి యగుట యెట్లో 1888లో నాంగ్లరచయిత స్టీవెన్సను చరిత్రలోఁ గనఁబడును. తల్లి, భార్య, భార్య కుమారుఁడు వెంటరాఁగా నాయన కాస్కో యను విలాసనావ నద్దెకుఁ దీసికొని శాన్ ఫ్రాన్సిస్కో నుండి మార్క్వెసస్ దీవులకును, తహితికిని బోయెను. తహితిలోని తౌతిరా పల్లెలో జబ్బుపడియుండఁగా, నావ స్తంభములు పుచ్చిపోయినవని తెలిసెను. నావ మరమ్మతునకై పపీతె రేవునకుఁ బోయి యాలసించెను. తెచ్చుకొన్న సామగ్రి తఱిగిపోయెను. అప్పు డోరీ యను నూరిపెద్ద వారిని దనయింటనే యుంచుకొని పోషించెను. ఇరువురును బేళ్లు మార్చుకొనిరి. స్తంభములు గట్టివై యుండినచో స్టీవెన్సను తౌతిరాను జూచిపోయెడివాఁడే గాని యెఱిఁగెడివాఁడు గాఁడు.

ఈ దీవులకే యనుమతి యడుగు స్వాతంత్ర్యము లేక వచ్చిన మనవారు కలరు. 1879 మొదలు 1916 దాఁక నఱువదివేలకుఁ బైఁబడిన భారతీయు లైదేండ్ల కరారుపై నోడలలో ఫిజీకిఁ గొనిపోఁబడిరి. 1884 మే 11వ తేదీ రాత్రి వారి యోడ సిరియా నాసిలై దిబ్బపైఁ బగిలి 59 మంది చనిపోయిరి. 1903 నుండి చెన్నపురిలో నోడలెక్కినవారిలో నాంధ్రులును గలరు. ఆ నేల గలవారిని దొరతనమువా రడుగలేదు. కూలివారి చేతిలో నుంచుటకు వేళ్లకట్ట లేదు. ఎవరి నేల యెవరిదను తగవులలో నాఁటి యా యడుగకపోవుట మాకు వినఁబడుచుండును. దోషము కూలివారిది గాదు. అడిగి రాఁగల భాగ్యము గలవారు, సరదాకై తిరుగువారు, అడుగక వచ్చిన నది వేఱుమాట.

పెద్ద చనిపోయినప్పుడు నూఱు రాత్రులు తీరమునఁ జేఁపలు పట్టరాదని నిషేధించు నాచార మచటఁ గలదు. అట్టి పల్లె కాదన్నచో నావ మఱలవలెను. మఱలునప్పుడు పైన నిలిచి, గాలము చేతఁబట్టుకొని, తన సెలవు లెక్కపెట్టుకొనుచున్న స్నేహితునితో నా మాట చెప్పవలసినవాఁడు నావ యజమానుఁడే. ఆ యూరివారు గారు.