ఎవరైతేనేం?

కొత్తచెరువులో వానలకు ముందు విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తూ మా అవ్వ రేడియోలో భక్తిరంజని వినేది. “పాడేదెవరవ్వా?” అంటే, “దేవుని పాట పాపా, ఎవరైతేనేం!” అనేది. ఆ గొంతు శ్రీరంగం గోపాలరత్నానిదని నాకు తెలిసింది పరిశోధన చేసే రోజుల్లోనే.

1939లో విజయనగరం ప్రాంతపు పుష్పగిరిలో పుట్టారామె. విజయవాడ ఆకాశవాణిలో అన్నమయ్య కీర్తనల్నీ, ఎంకి పాటల్నీ ఒకే శ్రద్ధతో పాడారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. మరుసటేడే కన్నుమూశారు.

పేరు తెలియనంత మాత్రాన పాట తీపి తగ్గదు కదా, మరి అన్యాయం ఎక్కడుంది? ఇంట్లో ఆడవాళ్ల వంటని ‘ప్రేమ’ అని, అందులోని చాకిరీని మరిచిపోతాం. అలాగే ఆమె పాటని ‘భక్తి’ అన్నాం. దాని వెనకున్న ఏళ్ల సాధన మన లెక్కలోకి రాలేదు. పొగడ్తతోనే మనిషిని చెరిపేయొచ్చు.

అవ్వని తప్పు పట్టలేను. ఆమె ఒలిచిన విత్తనంతో పండిన పంట తాత పేరు మీదే ఉండేది. తన పేరే ఎవరూ అడగని మనిషికి మరొకరి పేరు అడగాలని ఎలా తోస్తుంది? చదువుకున్న నేను మాత్రం అడిగానా? మా అవ్వ పేరు నాకు తెలిసింది ఆమె పోయాక, రేషన్ కార్డులో చూసినప్పుడు.