పిల్లల దగ్గర ఆగిపోయిన మనిషికి వాటా ఉందా?



సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళి ప్రాంతములో కాలువకు నీళ్ళు వదిలారంటే ఊరు చీకటితోనే లేస్తుంది. ఆడవారు గుంపులుగా గుత్తకు నాట్లు పట్టి, సద్ది కట్టుకొని, ట్రాక్టరు ట్రాలీలో నిలబడి వెళ్తారు. 1953లో తుంగభద్ర నీళ్ళు పారిన తరువాత కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు కట్టుకున్నవారి మళ్ళకైనా, ఇక్కడి పాత రైతుల మళ్ళకైనా ఈ చేతులే కావాలి. అదే 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు పోయి, సిరుగుప్ప మైసూరులో చేరినందున ఇక్కడి తెలుగువారము ఇల్లు కదలకుండానే పరరాష్ట్రము వారమైనాము. ఆ కథ మరొకసారి చెప్పుకొందాము. ఇప్పుడు మేము అడగదలచినది వేరు. ఆ ట్రాలీ వెళ్ళిపోయాక ఇంటి దగ్గర మిగిలిన పసిపిల్లలను చూస్తున్నది ఎవరు? ఆ మనిషికి మనము ఇస్తున్నది ఏమిటి?

చూస్తున్నది సాధారణముగా పక్కింటి అవ్వ. ఆమె కళ్ళు సరిగా కనబడవు. అవ్వ లేని ఇంట తొమ్మిదేళ్ళ అక్క. ఆ అమ్మాయి నాట్ల నెలలో బడికి పోదు, కలుపు నెలలో కూడా పోదు, ఆ తరువాత పోవడానికి సిగ్గుపడుతుంది. మనము మాత్రము ‘మా ఊళ్ళో పిల్లలను చూడడానికి డబ్బు అక్కరలేదు, ఒకరికొకరము ఉన్నాము’ అని గొప్పగా చెప్పుకొంటాము. అక్కరలేకపోవడము కాదు. ఆ డబ్బు ఆ అమ్మాయి చదువులో నుండి పోతున్నది.

మా ఇంటి సంగతి చెప్పుట న్యాయము. కొన్ని ఏండ్ల క్రిందట మేము కూడా మా రెండేళ్ళ బిడ్డను పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్ళేవారము. ఆమె ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకొనలేదు. ఒక మధ్యాహ్నము ఎవరో బిడ్డను ఎత్తుకొని పొలానికి వచ్చారు, పిల్ల కాలువ గట్టు మీద ఒంటరిగా కూర్చొని ఉన్నదట. పెద్దమ్మ కునుకు తీసింది. ఆ సాయంకాలము ఆమె ఇంటికి వెళ్ళి మేము ఒక్క మాట అనలేకపోయాము. ఊరికే చూస్తున్న మనిషిని ఏ నోటితో అడుగుతాము? మరునాడు మళ్ళీ అక్కడే వదిలి వెళ్ళాము, ఎందుకంటే వేరే దారి లేదు. ఆ రోజు తప్పు ఆమెదా? తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి తన ఇంటి పని ముగించిన డెబ్బది ఏండ్ల మనిషికి పగలంతా నలుగురు పిల్లలను అప్పగించినది మేమే కదా.

పిల్లలను చూచినందుకు డబ్బు తీసుకొనుట ప్రేమను అమ్ముకొనుట అని మా సహవాసములోనే ఒక పెద్దాయన అన్నారు. ఆయన మంచి మనస్సుతోనే అన్నారు. అయితే జీతము తీసుకొని బోధించే ఉపాధ్యాయురాలికి, ప్రసవము చేయించే నర్సమ్మకు ప్రేమ లేదని మనము అనము. కూలి ఇచ్చినప్పుడే ఇంత శుభ్రత ఉండాలి, ఇంతమందికి మించి వద్దు అని అడిగే నోరు మనకు వస్తుంది. ఇక నా వల్ల కాదు అని చెప్పే నోరు ఆమెకూ వస్తుంది. ఈ రెండవది ఇంకా ముఖ్యమని మా తలంపు.

అడగవలసినది ఏమిటో కూడా మనము సరిగా నేర్చుకొనలేదు. ‘అల్లరి చేయలేదు, ఏడవలేదు’ అన్న మాట విని సంతోషపడి బిడ్డను ఎత్తుకొని వస్తాము. ఏడవకపోవడమే కొలత అయితే ఏమవుతుందో బొంబాయి చెబుతుంది. మనవారు కూడా వెళ్ళి పనిచేసిన ఆ నగరములో, మిల్లు తల్లులు పనికి పోయేటప్పుడు పసివారికి నల్లమందు కలిసిన బాలగోలీ వేసేవారని 1920లలో జరిగిన విచారణలు నమోదు చేశాయి. ఆ తల్లులు కఠినులు కారు, పసివారిని చూచేవారు లేని తల్లులు. 1948 ఫ్యాక్టరీల చట్టము ఆడవారు ఎక్కువగా పనిచేసే చోట శిశు గృహము ఉండవలెనన్నది. పొలానికి గేటూ లేదు, అటువంటి చట్టమూ లేదు. ఈనాడు నల్లమందు లేదుగాని, బిడ్డ చేతిలో సెల్‌ఫోను పెట్టి గంటలకొద్దీ కూర్చోబెట్టడము ఉన్నది. అది విషము కాదు, నిజమే. కాని బిడ్డ నోరు మూయించుటకే పెడుతున్నాము.

బిడ్డ పగలు ఎలా గడవాలి? పొద్దున అప్పగించేటప్పుడు రాత్రి జ్వరము ఉన్నదా, ఎప్పుడు తిన్నాడు అన్నది తల్లి చెప్పి వెళ్ళాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరుశనగ గింజలు, చింతగింజలు అందకూడదు. పెద్ద పిల్లలు ఆడుకొనే చింతగింజే చిన్నవాని గొంతుకు అడ్డము పడుతుంది. నీళ్ళ డ్రమ్ముకు మూత ఉండాలి, బకెట్టు బోర్లించి ఉండాలి. పత్తికి కొట్టే మందు త్రాగునీళ్ళ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు మన ఇండ్లలో ఇంకా పోలేదు, ఆ ఇంట బిడ్డను వదలనే వద్దు. ఏడాది లోపు బిడ్డను వెల్లకిల పడుకోబెట్టాలి. ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టరాదు గనుక, ఆ తల్లిని నాట్లకు రమ్మని గుంపు పిలవకుండుటే మేలు. మిగిలినవారికి రాగి అంబలి, పప్పన్నము, చేతులకు సబ్బు. తినిపించేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు వారితో మాటలాడాలి. దాగుడుమూతలు ఆడించాలి, జోల పాడాలి. ఇవి పెద్ద చదువులు కావు. అయితే ఆరుగురు పిల్లలుంటే వీటిలో సగము జరగవు. ఇంగ్లండులో ఇంటి దగ్గర పిల్లలను చూచేవారు పేరు నమోదు చేసుకోవాలి, సాధారణముగా ఏడాది లోపు బిడ్డను ఒక్కరిని మాత్రమే పుచ్చుకోవాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగు తల్లులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ప్రభుత్వము ఏమీ చేయలేదని మేము అనము. 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీలు వచ్చాయి. అయితే అక్కడ కూర్చోబెట్టి నేర్పేది మూడేళ్ళు దాటినవారికి. అంతకు చిన్నవారికి ఇంటికే ఆహారము ఇస్తారు. అంగన్‌వాడీ తలుపు తెరిచే వేళకు నాట్లవారు మడిలో దిగి ఉంటారు. 2023లో కర్ణాటక ప్రభుత్వము ఉపాధి పనికి వెళ్ళే తల్లుల కోసము ‘కూసిన మనె’ ప్రకటించింది. కూసు అంటే పసిబిడ్డ, మన కూనకు చుట్టమనిపించే మాట. 2005 ఉపాధి హామీ చట్టములో కూడా ఒక మంచి మాట వ్రాసి ఉండెను: పని దగ్గర ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వారిని చూచుటకు ఒక స్త్రీని పెట్టి, మట్టి మోసేవారితో సమానముగా ఆమెకు కూలి ఇవ్వాలని.

సమానముగా. ఇక్కడే మేము చాలా కాలము తట్టుకొన్నాము. ఐదుగురు తల్లులు తలా ఐదవ వంతు కూలి ఇస్తే ఆమెకు నిండు కూలి వస్తుంది గాని, ఇద్దరు బిడ్డలున్న తల్లికి సగము కూలి దాకా పోతుంది. అప్పుడు దావీదు చేసిన ఏర్పాటు గుర్తుకు వచ్చింది. 200 మంది అలసి బెసోరు వాగు దగ్గర సామానుతో ఆగిపోతే, యుద్ధమునకు వెళ్ళిన 400 మందిలో కొందరు వారికి పాలు ఇవ్వమన్నారు. దావీదు ఒప్పుకొనక అందరికీ సమభాగము పంచెను. గుత్త నాట్లలో డబ్బు తలలు లెక్కపెట్టి పంచుకొంటారు కదా, ఇంటి దగ్గర పిల్లలతో ఉన్న మనిషిని కూడా ఒక తలగా లెక్కిస్తే? అప్పుడు ఏ ఒక్క తల్లి మీద బరువు పడదు, గుంపంతటి మీద కొద్దికొద్దిగా పడుతుంది.

పిల్లలు లేనివారు ఎందుకు ఇవ్వాలి అని ఒక అక్క సూటిగా అడిగింది. మంచి ప్రశ్నే. ఆమె పక్కన నాటు వేసే పిల్లతల్లి రాకపోతే ఎకరము ముగియుటకు ఇంకొక పూట పడుతుందని మేస్త్రమ్మ చెప్పింది. అక్కకు పూర్తిగా నచ్చలేదు. అయినా పోయిన నాట్లకు ఒక గుంపు ఈ విధముగా పంచుకొన్నది. నలుగురికి మించి పిల్లలను తీసుకోనని చూచే ఆవిడే మొదట షరతు పెట్టింది. ఐదవ బిడ్డను తల్లి గట్టు మీదికే తీసుకొని పోయింది, దానికి మావద్ద జవాబు లేదు.

వాన వలన నాట్లు ఆగిన రోజున పిల్లలను ఎవరూ దింపరు, ఆమెకు వాటా రాదు. కాని ఆమె ఆ రోజు వేరే పని ఒప్పుకొనక ఎదురుచూస్తూ కూర్చున్నది. దానికి ఏమి ఇవ్వాలో ఇంకా తేలలేదు. మీ సంఘములలో ఎవరైనా దీనిని వేరు విధముగా నడిపి ఉంటే మాకు వ్రాయగోరుచున్నాము.