అరుగుట

మన భాషలో ఒక వస్తువు గలవానిని యజమాని యందుము. ఇంటికి యజమాని, పొలమునకు యజమాని, బండికి యజమాని అని దినమునకు పదిమారులు పలుకుచు, ఆ మాట పుట్టుక యెక్కడిదో తలపోయుట మానితిమి. సంస్కృతమున యజమానుడనగా యజ్ఞము చేయించువాడు. తన ద్రవ్యమును తానే తెచ్చి, అగ్నియందు వ్రేల్పించి, వ్రేల్చిన క్షణముననే ఇది నాది కాదని నోరార పలుకువాడు. ఇచ్చివేయువానికి పెట్టిన పేరు ఉంచుకొనువానికి ఎట్లు సంక్రమించినది? పదములు కాలక్రమమున అర్థము మార్చుకొనుట వింత గాదు. అయినను ఈ మార్పు వెనుక మనము మఱచిన ధర్మమొకటి దాగియున్నదని నాకు తోచుచున్నది. అట్లు తోపించినది ఏడేండ్లుగా మా యింటి ముందఱి వేపచెట్టు క్రింద నిలుచుచున్న డీజిల్ ఎస్‌.యు.వి. బండి.

మాది ఆదిలాబాదు. బండి కొన్ననాడు చేతికి వచ్చిన ఆర్‌.సి. కార్డుమీద యజమాని యనుచోట నా పేరును, దానికి తోడుగా అప్పిచ్చిన బ్యాంకు పేరును ఉండెను. అయిదేండ్లు వాయిదాలు కట్టి, ఫారము 35 మీద బ్యాంకువారి సంతకము తెచ్చి రవాణా కార్యాలయమున సమర్పించిన పిమ్మటగాని ఆ రెండవ పేరు తొలగలేదు. తొలగినంత మాత్రమున బండి సంపూర్ణముగా నాదైనదా? రిజిస్ట్రేషను గడువు 15 ఏండ్లు. ఆపై తనిఖీ చేయించి అయిదేసి యేండ్లు పొడిగించుకొనవలెను. చట్టమిచ్చిన స్వామ్యమునకే ఇన్ని యెల్లలు. స్వత్వమనగా నేమి యను ప్రశ్న మన ధర్మశాస్త్రకారులకు చిరపరిచితము. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు, స్వత్వము లోకవ్యవహారముచేతనే తెలియదగినదిగాని కేవలము శాస్త్రమువలన తెలియునది కాదని వాదించెను. 13వ శతాబ్దిలో కేతన ఆ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. లోకమే ప్రమాణమైనచో, ఇంటిల్లిపాది యెక్కి తిరుగు బండిని ముందిడుకొని ఈ ప్రశ్నను విచారించుట అపచారము కానేరదు.

రథమును ముందిడుకొని తత్త్వవిచారము చేయుటయు మనవారికి అలవాటే. కఠోపనిషత్తులో యముడు నచికేతునకు శరీరమును రథముగను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను చూపెను. యవనరాజైన మిళిందుడు నాగసేన భిక్షువును దర్శింప వచ్చినపుడు, నీవెక్కి వచ్చిన రథమేది, నొగయా, ఇరుసా, చక్రములా యని ఆ భిక్షువు అడిగి, వీనిలో ఏదియు రథము గాదనియు, ఇవియన్నియు కూడినచోట రథమను పేరు వ్యవహారమునకై నిలిచినదనియు ఒప్పించెను. మా బండికి ఈ యేడేండ్లలో టైర్లు ఒకమారు, బ్యాటరీ ఒకమారు, క్లచ్చి పలకలు ఒకమారు మార్పించితిమి. వైపర్లకును బెల్టులకును లెక్క లేదు. నాది నాది యని నేను పట్టుకొనియున్నది పేరును మాత్రమే యని భిక్షువు చెప్పినచో కాదనజాలను.

కాని ఈ వాదముకడ నిలిచిపోయినవాడు మిక్కిలి యపాయమున పడును. అన్నియు అనిత్యమే గనుక దేనిని పట్టించుకొననేల యని టైర్లు బోడులగుచుండ చూచుచు కూర్చున్నవాని వైరాగ్యమునకు మూల్యము చెల్లించువారు వెనుక సీటులో నిద్రించుచున్న పిల్లలు. అనిత్యమైన దానినే గదా కాపాడవలసినది! నిత్యమైన దానికి మన కాపుదల యేల? ఈ మాట నాకు పుస్తకములకన్న చలికాలము బాగుగా బోధించినది.

మార్గశిరము మొదలు పుష్యము కడపటివఱకు మా జిల్లాలో పలుదినములు తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగువనుండును. ఆ దినములలో బండి స్వభావమే మారును. ముందునాటి మధ్యాహ్నము 29 డిగ్రీల యెండలో 33 పాయింట్లు గాలి కొట్టించుకొని వచ్చితిని. మఱునాటి వేకువ 8 డిగ్రీల చలిలో కొలువగా 30 పాయింట్లే యుండెను. పంక్చరు లేదు, ఎవరును గాలి తీయలేదు. చలికి గాలి తానై ముడుచుకొన్నది. ఆఱేడు డిగ్రీల చలికి ఒక పాయింటు చొప్పున తగ్గుట దాని ధర్మము. ఇంజను సంగతియు నట్లే. పెట్రోలు ఇంజనునకు వలె డీజిలునకు నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడిమికే ఇంధనము అంటుకొనవలెను. చలిలో ఆ వేడిమి చాలదు గనుక సిలిండరులలోని చిన్నకడ్డీలు కాగుచుండును. అంతవఱకు ఎదుటి పలకమీద చుట్టలు తిరిగిన తీగవంటి పసుపుదీపము వెలుగుచుండును. అది ఆఱువఱకు ఓర్చుకొన్నవానికి ఇంజను ఒక్కపట్టున అందుకొనును. ఓర్వనివానికి బ్యాటరీ మూలుగును, వెనుక తెల్లని పొగ క్రమ్మును.

అందఱమును ఎక్కి తలుపులు వేసికొన్న రెండు నిమిషములకే ముందఱి అద్దము తెల్లబడును. మా అమ్మ ముందుసీటులో కూర్చుండి చీరకొంగుతో తుడుచును. తుడిచినచోటనే మరల తెర కట్టును. అది బయటి మంచు కాదు, లోపల కూర్చున్న ఆఱుగురి ఊపిరి. ఏ.సి. వేసి లోపలి తేమను లాగివేసినగాని దారి కనబడదు. “ఇంత చలిల ఏ.సి. ఎందుకురా, పిల్లలు వణుకుతున్నరు” అని ఆమె ప్రతియేటను అడుగును; ప్రతియేటను నేను అద్దము చూపుదును. మన ఊపిరియే మన కన్నులకు అడ్డుతెర యగుట కంటె మమకారమునకు వేఱు నిదర్శనము నేనెఱుగను. ఊపిరి వదలకుండ ఉండలేము. కావున తెరను కనిపెట్టుచు తొలగించుకొనుచునే సాగవలెను.

రెండేండ్ల క్రిందటి మార్గశిరమున గాలి కొట్టించుటకు బస్టాండుకడ నున్న పంక్చరు దుకాణమునకు పోతిని. ఆ దుకాణపు పెద్దాయనను ఊరివారందఱును చాచా యనియే పిలుతురు. ఆయన గాలి గొట్టము ప్రక్కన పెట్టి, ముందఱి చక్రము లోపలి యంచున చేయి జొనిపి, “సార్, మీ బండి టైరు తింటున్నది. పైకెల్లి మంచిగనే కనవడ్తది, లోపలి దిక్కు చెయ్యి పెట్టి చూడుండ్రి” అనెను. చేయి పెట్టితిని. బయటివైపు గాడులు నాలుగు మిల్లీమీటర్ల లోతుండగా, లోపలి యంచు చాలమట్టుకు తఱిగియుండెను. ఒక దిక్కుగా రాచిన మెత్తన, ఎదురుగా రాచిన రంపపుపండ్లవలె గఱుకు. క్రొత్తటైరు గాడి లోతు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. గాడుల నడుమ 1.6 మిల్లీమీటర్ల యెత్తున చిన్నగట్లు పోసి యుంచుదురు. అరుగుదల ఆ గట్లకు సమమైననాడు టైరు ఆయువు తీరినట్లే. గాలి తక్కువైనచో అంచులు రెండును, ఎక్కువైనచో నడిమి భాగమును, చక్రముల పొందిక తప్పినచో ఒక ప్రక్కయు పోవునని చాచా చెప్పెను. ఆ లోపలి యంచు కొన్నినెలలుగా తఱుగుచున్నను ఒక్కనాడును వంగి చూడనివాడను నేను; కార్డుమీద యజమాని పేరు మాత్రము నాది.

తింటున్నది! ఆ మాట ఇంటికి వచ్చువఱకును నన్ను వదలలేదు. బండి టైరును తినుచున్నది. త్రోవ టైరును తినుచున్నది. తినబడునదియు తినునదియు అన్నమేయని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన రహస్యమును చాచా తనకు తెలియకయే పలికెను. మన భాష అంతకంటె లోతునకు పోయినది. అరుగుట యనగా తఱిగిపోవుట. తిన్నది జీర్ణమగుటయు అరుగుటయే. ప్రాచీనకవుల నాటినుండి అరుగుట యనగా వెళ్లుట. రాజు వనమున కరిగెను, రోటికి అంచు అరిగెను, పిల్లవానికి అన్నము అరిగెను. ఏదియు అరుగక ఎవడును ఎక్కడికిని అరుగజాలడని ఈ క్రియ మనకు చెప్పుచున్నట్లున్నది. రెండువేల కిలోల బరువుతో ఆఱుగురిని మోయు బండి నేలను తాకునది విప్పిన అరచేతులు నాలుగింటి మేరయే. ఆ నాలుగు అరచేతుల చర్మము లేచిపోవుచుండగా మనము పెండ్లిండ్లకును, జాతరలకును, ఆసుపత్రికిని అరుగుచున్నాము.

లేచిపోయిన ఆ చర్మమెక్కడికి పోవును? ఒక్కొక్క టైరు తన యాయువులో కిలోకు పైబడిన రబ్బరును త్రోవమీద వదలును. ఆ పొడి గాలిలో కలియును, వానకు కాలువలలోనికి దిగును. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రమున పూజెట్ సౌండ్ పరిసరముల వాగులలోనికి గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి మరలివచ్చు కోహో సాల్మన్ చేపలు, వాన కురిసిన వెంటనే గ్రుడ్లు పెట్టకమునుపే చచ్చిపోవుచుండుట అచటివారు ఏండ్ల తరబడి చూచిరి. ఓజోను సోకి టైరు పగులకుండుటకు రబ్బరులో కలుపు సిక్స్‌ పి.పి.డి. యను ద్రవ్యము, ఆ ఓజోనుతోనే కలిసి విషముగా మాఱి ఆ చేపలను చంపుచున్నదని 2020 డిసెంబరులో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఆ బండ్లు నడిపినవారిలో ఒక్కడైనను చేపను చంపనెంచినవాడు కాడు. కాని టైరు నాదని పలికినవాడు, ఆ టైరునుండి రాలిన పొడి నాది కాదని యెట్లు తప్పించుకొనగలడు? నా స్వత్వము నా వేపచెట్టు నీడతో ముగియునని నేననుకొనియుండగా, అది వానతోకూడ పారుచు నేనెన్నడును చూడని వాగులను చేరుచున్నది.

చాచా టైరు చూపిన ఆ మార్గశిరము వెంట వచ్చిన పుష్యమాసముననే ఉట్నూరు మార్గమున మెస్రం వంశీయులైన గోండులు ఎదురైరి. కేస్లాపూరులో నాగదేవతయగు నాగోబాకు అభిషేకము చేయుటకై గోదావరీజలము తెచ్చుట వారి యాచారము; హస్తినమడుగు వఱకు పాదరక్షలు లేకుండ నడచి, ఆ నీటితో మరల నడచియే వత్తురు. బండి ప్రక్కకు తీసి ఆపితిని. తెల్లని తలపాగాలతో, ఒకరివెనుక నొకరుగా, తారుకంటె మెత్తనగు మట్టి యంచు పట్టి వారు సాగిపోయిరి. కాళ్లమడమలు పగిలియున్నవి. వారి యాత్రలో వెళ్లునదియు తఱుగునదియు ఒక్కటే. వెళ్లువాడు తన పాదమునే వెచ్చించుచున్నాడు. నా యాత్రలో వెళ్లువాడను నేను. నాకు మాఱుగా తఱుగునది టైరు, దానితోకూడ గాలియు, నీరును. నాకు మాఱుగా అరుగుచున్న ప్రతిదానికిని నేను ఋణపడితిని. యజమాని యను మాటకు తగినవాడ నగుటయన ఈ ఋణము నెఱుగుటయే.

యాగమునకు మూడంగములు చెప్పుదురు: ద్రవ్యము, దేవత, త్యాగము. మూడింటిలో దేనిని విడిచినను అది యాగము గాదు, వట్టి కాల్చుట. ప్రతిదినమును డీజిలు కాల్చుచు, రబ్బరు రాల్చుచు, దానికి యజ్ఞమను పేరు పెట్టుకొనుట ఆత్మవంచన యని ఎవరైన ఆక్షేపించినచో వారి పక్షముననే నేను నిలుతును. ఎవరికొఱకు, దేనికొఱకు, ఎంతమేరకు అను ఎఱుక లేనంతవఱకు అది వంచనయే. ఎఱుక కలిగినచో వ్యయమునకు నియమము వచ్చును, నియమము వచ్చినచో వ్యయము తగ్గును. అలైన్‌మెంటు సరిచేయించి, పదివేల కిలోమీటర్లకొకమారు చక్రముల స్థానములు మార్పించుచు, వారమునకొకమారు చల్లని టైరుననే గాలి కొలుచుచు నుండగా, ఆ టైర్లు మఱి రెండు శీతకాలములు నడచినవి. అంగడికిని పాలకును బండి తీయుట మానితిని. పొరుగువారు నలుగురు అదే యూరికి పోవలసినపుడు నాలుగు బండ్లకు బదులు మా బండి యొక్కటియే పోవుచున్నది. ఆనాడు ద్రవ్యము తఱుగుటయు, దేవత ప్రీతినందుటయు రెండును జరిగినవని నాకు తోచును.

వైదిక కర్మలలో పురోహితుడు మంత్రమంతయు తానే చదివి, యజమానిచేత మమ, అనగా నాది, యనిపించును. అందువలననే, మనసు పెట్టక ముగించిన పనిని మమ అనిపించినాడని లోకమున అందురు. బండి కొన్ననాడు కొండగట్టు అంజన్న సన్నిధిని నేను చేయించిన వాహనపూజ అట్టిదే. నాలుగు చక్రముల క్రిందను నిమ్మకాయలు నలిగినవి, టెంకాయ పగిలినది, నేను మమ యంటిని. నాది యన్నమాట మాత్రము నిలిచి, నాది కాదన్నమాట ఆ యేడేండ్లును పలుకబడక మిగిలిపోయినది.

మొన్న దసరాకు ముందు టైర్లు మార్పించితిని. నాలుగింటిలో మేలైన దానినొకదానిని స్టెప్నీగా ఉంచుమంటిని. “పాత టైర్లు తీసుకపోతరా సార్?” అని చాచా అడిగెను. మూడింటిని ఆయనకే విడిచితిని; విడుచుటకుముందు లోపలి యంచున మఱియొకమారు చేయి పెట్టి చూచితిని. అరుగుదల గట్లకు సమమైయుండెను. ఆయుధపూజనాడు బండి కడిగి, పసుపు కుంకుమలు పళ్లెరములో పట్టుకొని మా పిల్లలు క్రొత్త చక్రములవైపు పోవుచుండగా వారిని వెనుకకు పిలిచి, బండి క్రింద వ్రేలాడుచున్న ఆ పాత టైరునకు మొదటి బొట్టు పెట్టించితిని.