మాసికలు వేసిన చెప్పులు

ధ్యానమునకు: యెహోషువ 9వ అధ్యాయము, యాకోబు పత్రిక 2వ అధ్యాయము



గిబియోనీయుల ఉపాయము మీరు ఎరిగినదే. యెరికోకును హాయికిని పట్టిన గతి విని, ప్రాణము దక్కించుకొనవలెనని వారు బీదబాటసారుల వేషము వేసిరి. చినిగిన బట్టలు, బూజుపట్టిన రొట్టె, మాసికలు వేసిన పాత చెప్పులు. ప్రక్క ఊరివారే యైనను దూరదేశమునుండి నడచి వచ్చితిమనిరి. ఇశ్రాయేలు పెద్దలు ఆ చెప్పులు చూచి మనుష్యులను నిర్ణయించిరి; ప్రభువునొద్ద విచారణ చేయనేలేదు.

ఈ పాఠము సండేస్కూలులో చెప్పుచుండగా ఒక పిల్లవాడు లేచి, “అయ్యగారూ, అలాంటి చెప్పులు ఇప్పుడు కూడా అమ్ముతున్నారండీ” అనెను. పిల్లలందరు నవ్విరి. మేమును నవ్వితిమి. వాడు తన ఫోనులో బొమ్మ చూపగా మా నవ్వు ఆగిపోయెను.

అవి బలెన్సియాగా అను పేరుపొందిన వస్త్రసంస్థవారు 2022 మే నెలలో బయటపెట్టిన జోళ్లు. కొత్తవే, అయినను అంచులు చింపి, మురికి పట్టినట్లు రంగు వేసి, చెత్తకుప్పలో దొరికినవా అనునట్లు చేసిరి. మిక్కిలి చినిగిన రకము నూరు జతలు మాత్రమే. జత వెల 1,850 డాలర్లు. ఆనాటి లెక్కకు మన రూపాయలలో లక్షా నలువదివేలు. మన సంఘ పెద్దలలో కొందరి తండ్రులు చెప్పులు కుట్టి బ్రదికినవారు. తెగిన చెప్పును, కుట్టు పడినదని కంటికి తెలియకుండ కుట్టుటయే వారి పనితనము. చిరుగు కనబడుటకు ఎక్కువ సొమ్ము పుచ్చుకొనుట వారికెన్నడును తోచియుండదు.

ఇది మొదటిసారియు కాదు. 2000 సంవత్సరమున పారిసులో డియోర్ సంస్థకు పనిచేయుచుండిన జాన్ గలియానో, సేన్ నదియొడ్డున పండుకొను నిలువనీడలేనివారిని చూచి, వారి పేలికల పోలికను ధనికుల స్త్రీలకు వస్త్రములు సిద్ధపరచెను. వార్తాపత్రిక అచ్చువేసిన బట్టయు అందులో నుండెను. బీదలను ఎగతాళి చేసితివని అతనిమీద గొప్ప నిరసన లేచెను.

ఒక సంగతి న్యాయముగా చెప్పవలెను. బలెన్సియాగాలో ఆ దినములలో వస్త్రములు రూపించుచుండిన డెమ్నా అనునతడు, 1993లో జార్జియా దేశపు యుద్ధమునుండి బాల్యమందే ఇల్లు విడిచి పారిపోయిన కుటుంబములోనివాడు. 2022 మార్చిలో యుక్రెయిను యుద్ధము మొదలైన కొలదిదినములకే, కృత్రిమమైన మంచుగాలిలో చెత్తసంచులవంటి మూటలు చేతబట్టించి మనుష్యులను నడిపించెను. ఆ బాధ అతడు ఎరిగినదే. కాబట్టి అతని హృదయమునకు మేము తీర్పు తీర్చము. అయితే ఆ సంచియే తరువాత 1,790 డాలర్లకు అంగడికి వచ్చెను. ఆ ప్రదర్శనకే టెలివిజనులో పేరుపొందిన కిమ్ కర్దాషియన్, సంస్థ పేరు అచ్చొత్తిన పసుపుపచ్చని టేపు ఒడలంతయు చుట్టుకొని వచ్చెను. లోకమంతయు కాందిశీకుల సంగతి విడిచి ఆ టేపు సంగతి మాటలాడెను.

గిబియోనీయులు చావునకు భయపడి ఆ చెప్పులు తొడిగిరి. లక్షా నలువదివేలు పెట్టి తొడుగువాడు దేనికి భయపడుచున్నాడు? ఇంటికి పోయి విప్పివేయగలిగిన పేదరికము పేదరికమగునా?

ఇంతవరకు వ్రాసి, ఇది ఆదివారపు ప్రసంగమునకు బాగున్నదని సంతోషించితిమి. దొరలను, సినిమావారిని గద్దించుట సులభము. వారెవరును మన గుడికి రారు గదా! అయితే యాకోబు పత్రిక తెరచినప్పుడు మాకు నిద్ర పట్టలేదు. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలమును, మురికిబట్టలవానికి పాదపీఠము దగ్గర నేలయు చూపినది పారిసువారు కారు, సంఘమువారే.

పోయిన క్రిస్మసుకు ముందటి ఆదివారము మేము ప్రకటనలు చదువుచు, “అందరును కొత్తబట్టలు ధరించి ఆరాధనకు రావలెను” అని చెప్పితిమి. ఏటేట చెప్పు మాటయే. ఆ పండుగనాడు మా సంఘములో ఒక విధవరాలు రాలేదు. ఏనాడును ఆరాధన మానినది కాదు. జబ్బుచేసెనేమోయని సాయంకాలము వెళ్లితిమి. పత్తితీతకు పోయి వచ్చి పొయ్యి రాజేయుచుండెను.

“ఏమమ్మా, ఒంట్లో బాగుండలేదా?”

“బాగానే ఉందయ్యగారూ. కొత్త కోక లేదు. మీరు చెప్పాక, మాసిక కోకతో ఎట్టా వచ్చేది?”

ఆమె ఆ మాట కోపముతో అనలేదు. మేము కూర్చుండుటకు పీట వేసి, దానిని తన కొంగుతో తుడిచెను. మాకు ప్రార్థన చేయుటకు నోరు రాలేదు.

ఈ యేడు ప్రకటన కాగితమునుండి ఆ మాట కొట్టివేసితిమి. సంఘపెద్ద యొకరు చూచి, “పండుగకు కొత్తబట్టలు వద్దంటారా అయ్యగారూ? పిల్లలు ఊరుకుంటారా?” అని అడిగిరి. వద్దనము, పిల్లల సంతోషము మాకును సంతోషమే. ఆ మాట గుడిలోనుండి చెప్పము, అంతే. మొదటి వరుస బల్లలును ఈసారి ఎవరికిని ప్రత్యేకించి ఉంచలేదు. శనివారము పత్తిచేలనుండి కూలివారు తిరిగివచ్చు వేళకు ఆమె యింటికి వెళ్లి, మా తప్పు ఒప్పుకొని, పండుగకు రమ్మని పిలిచెదము.