అర్చకుని హస్తము – ఆచార్యుని సిద్ధాంతము

ఇటీవల మధురవాడలోని ఒక భాగవతగృహమున సాయంకాల గోష్ఠి జరుగుచుండగా ఇంటిపెద్ద ఒక సందేహమును వెలిబుచ్చిరి. ఆగమపాఠశాలలో చదివివచ్చిన యువార్చకుడొకడు ఆ గోష్ఠిలో నుండెను. “స్వామీ, తమకు పాఠశాలలో ఏ సిద్ధాంతమును బోధించిరో తమ మనస్సునందును అదియే యున్నదా? లేనియెడల మేము సమర్పించిన తులసి స్వామికి చేరినట్లేనా?” ఆ యువకుడు కొంతతడవు మౌనము వహించి, “తాతగారూ, విధి తప్పలేదు. మనస్సు మాత్రము ఇంకను చదువుకొనుచున్నది” అనెను. అందరును నవ్విరి. కాని ఈ ప్రశ్న నవ్వుతో తీరునది కాదు.

మన సింహాద్రినాథుని సన్నిధినే చూడుడు. అచట ఆరాధనము పాంచరాత్రాగమానుసారముగ జరుగును. శ్రీమద్రామానుజులవారు వేంచేసి వైష్ణవపద్ధతిని నెలకొల్పిరని స్థలకథ. అయినను 13వ శతాబ్దమున ఈ సీమలో ప్రసిద్ధికెక్కిన నరహరితీర్థులవారు శ్రీమధ్వాచార్యుల శిష్యులు, ద్వైతులు. శ్రీకూర్మమునందలి 1281 నాటి శాసనము వారిని స్మరించుచున్నది. సింహాచల శాసనములందును వారి పేరు కలదు. అక్షయతృతీయనాడు చందనమును ఒలిచి నిజరూపదర్శనము చేయించు అర్చకుని, “జీవుడు పరమాత్మకు శరీరమందువా, ప్రతిబింబమందువా?” యని ఏ యాత్రికుడును అడిగియుండడు.

తిరుమలయందు ఈ విషయము మరింత స్ఫుటము. అచటి అర్చకులు వైఖానసులు. మాతృగర్భముననే విష్ణుబలి సంస్కారముచే తాము వైష్ణవులమైతిమని వారి విశ్వాసము. కావున శ్రీవైష్ణవులు ఆచార్యునివలన పొందు పంచసంస్కారములను వారు వేరుగ అపేక్షింపరు. ఆ సన్నిధియందే జియ్యంగార్ల పర్యవేక్షణయు దివ్యప్రబంధ పారాయణమును రామానుజ సంప్రదాయమున సాగుచున్నవి. శ్రీరంగమున పాంచరాత్రమును నెలకొల్పిన రామానుజులవారు తిరుమలలో వైఖానసమును అట్లే నిలిపిరని పెద్దలు చెప్పుదురు. వైఖానసులలో శ్రీనివాసమఖి బ్రహ్మసూత్రములకు లక్ష్మీవిశిష్టాద్వైత భాష్యమును రచించి, శ్రీభాష్యమునకు సమీపముననే యుండియు తన మార్గమున తాను నిలిచెను. ఇక ధర్మగిరి వేదపాఠశాలలోనన్ననో వైఖానసము, పాంచరాత్రము, శైవాగమము మూడును ఒకే ప్రాంగణమున బోధింపబడుచున్నవి.

ఆగమపాఠశాల ముఖ్యముగ నేర్పునది మంత్రము, ముద్ర, న్యాసము, ఉత్సవక్రమము. వేదాంతవిచారము వేరొక అధ్యయనము. ఇంగ్లండు క్రైస్తవసంఘమున 1571 నుండి పురోహితులు 39 మతసూత్రములకు సమ్మతి తెలుపవలసియుండెను. 1865లో ఆ సమ్మతివాక్యమును సడలింపవలసివచ్చెను. మన అర్చకుని అట్టి సంతకము ఎవ్వరును కోరలేదు. దీక్షాకంకణము కట్టుకొనునపుడు అతడు నియమమునకు బద్ధుడగును గాని వాదమునకు కాదు.

అయినచో మనస్సుతో పనియే లేదా? అట్లనుట తొందరపాటు. అర్చకుని తపస్సు, అర్చనయొక్క ఆధిక్యము, బింబముయొక్క సౌందర్యము అను మూటివలన మూర్తియందు సాన్నిధ్యము కలుగునని ఆగమజ్ఞులు చెప్పుదురు. ఇందు సిద్ధాంతము పేరు లేదు, నిజమే. కాని తపస్సు చేతిపని కాదు. ఎదుటనున్న మూర్తియందు భగవంతుడు వేంచేసియున్నాడను నమ్మికయే లేనివాడు ఎంత నిర్దుష్టముగ మంత్రముచ్చరించినను గర్భాలయమును వీడుటయే మేలని నా అభిప్రాయము. అంతకుమించి జీవేశ్వర సంబంధమును గూర్చి అతనికి సంశయములున్నచో అవి అతని అధ్యయనమునకు చెందినవి. వానిని తులసిదళముతో ముడిపెట్టరాదు.

ఒక్కచోట మాత్రము దాపరికము తగదు. అర్చకుడు ఉపన్యాసపీఠమెక్కినపుడు, తన ఊహను గురువుగారి మాటగ చెప్పినను, తాను నమ్మని దానిని నమ్మినట్లు నటించినను వినువారిని వంచించినట్లే. “మా గురువులు చెప్పినది ఇది, నాకు తోచినది ఇది” యని విడదీసి చెప్పుట కష్టమే. జీవనోపాధి ఆ పీఠముపై ఆధారపడియున్నవానికి మరింత కష్టము. 1987 నాటి దేవాదాయ చట్టము అర్చకుల వంశపారంపర్య హక్కును తొలగించెను. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. 2007 నాటి సవరణవలన అర్చక కుటుంబములకు కొంత ఊరట కలిగెను. ఇంటిలో తండ్రివలన విశ్వాసమును, చదువును కలిసి పొందిన బాలుడు వేరు, పరీక్ష నెగ్గి యోగ్యతాపత్రముతో వచ్చినవాడు వేరు. పరీక్షించువారు మంత్రపాఠమును పరీక్షింపగలరు. రెండవదానిని పరీక్షించు ఉపాయము వారికిని లేదు.

ఆనాటి గోష్ఠిలో మాట ఇంతవరకు వచ్చుసరికి సాయమారాధనకు వేళయ్యెను. ఆ యువకుడు లేచెను. ఇంటిపెద్ద పెరటిలోనికి పోయి, గుప్పెడు తులసి కోసి తెచ్చి అతని చేతికిచ్చిరి.